ప్రైమరు రంగు

జిలానీ నా బండి చుట్టూ రెండు చుట్లు తిరిగినాడు.
మండీలో మామిడికాయల గంపను చూసినట్టు
పైవి వదిలేసి అడుగువి తట్టినాడు.
వెనక డోరు కింద వేలి కణుపుతో కొట్టి
"ఇక్కడ రేకు లేదన్నా, పుట్టీ ఉండాది" అన్నాడు.
నాకు తెలుసు.
నాలుగేండ్ల కింద పెట్టించింది నేనే.

మురకంబట్టు షెడ్డులో తిన్నరు వాసన.
సిగరెట్టు అట్ట చించి రెండు లెక్కలు రాసినాడు.

పదహైదు వేలు, రెండు దినాలు.
అద్దాలకు నిన్నటి పేపరు అంటించి
రబ్బర్లు ఊడదీయకుండా, తుప్పును లేపకుండా,
నిద్రపోయేవాడి మీద దుప్పటి కప్పినట్టు ఒక్క కోటు.
"పెండ్లికొడుకు మాదిరి ఉంటాది.
రెండు వానలు గ్యారంటీ."

డెబ్బై వేలు, ఒక నెల.
సీట్లు, లైట్లు, బీడింగు అన్నీ విప్పి
రేకు కనపడేదాకా గీకి
కుళ్ళింది కోసి, కొత్తది అతికి,
ప్రైమరు, పుట్టీ, నీళ్ళకాగితం, మళ్ళీ ప్రైమరు, మళ్ళీ నీళ్ళకాగితం.
"రంగు కొట్టేది ఒక్క పూటే అన్నా.
మిగతా దినాలంతా
రంగు కొట్టకుండా ఓర్చుకునేదే పని."

ఇది రాయవేలూరు బండి.
పద్నాలుగేండ్లుగా పెద్దాసుపత్రి బాడుగలే.
పోయేటప్పుడు వెనక సీట్లో మనిషి, ఒళ్ళో రిపోర్టుల సంచి.
వచ్చేటప్పుడు ఒక్కోసారి
సంచి మాత్రమే.
బండి ఏం రంగని ఎవరూ అడిగింది లేదు.
ఏసీ వస్తాదా, కాళ్ళు చాపుకోను అవతాదా, అంతే.
వాన పడితే మాత్రం కింద నీళ్ళూరుతాయి.
అందరూ కాళ్ళు పైకి పెట్టుకుంటారు, ఏమీ అనరు.
వాళ్ళకు అప్పుడు అనేదానికి వేరేవి ఉంటాయి.

శుక్రవారం ఒక పిల్లోడు చూసుకోను వస్తాడు.
పలమనేరు, మొగిలీశ్వర్ అంట, మొదటి బండి.
"నాకు బండ్లు తెలీవన్నా, నీ మాటే" అన్నాడు ఫోన్లో.
గట్టిగా బేరమాడేవాడైతే
పదహైదు వేలు అక్కడే చేతిలో పెట్టి వచ్చేసుందును.

జిలానీ మాట్లాడకుండా
రూపాయంత చోట నీళ్ళకాగితంతో రుద్దినాడు.
తెలుపు. కింద బూడిద. దాని కింద ఇంకో తెలుపు.
దాని కింద, నేను ఎప్పుడూ చూడని
ఇటుకరాయి ఎరుపు.

అయితే నాకూ ఎవరో
ఒక శుక్రవారం అమ్మినారన్నమాట.

డెబ్బై వేలు లేవు. అబద్ధమెందుకు, ఉన్నా పెట్టను,
బండి మొత్తం చేసేదే లక్ష.
"తుప్పు కోసెయ్. రేకు అతుకు.
ప్రైమరు కొట్టి వదిలెయ్. రంగు వద్దు" అంటే
కల్యాణకట్టలో సగం గుండుతో లేచిపోయేవాణ్ణి చూసినట్టు చూసినాడు.

ఇరవై రెండు వేలయింది.
సిగరెట్టు అట్ట మీద లేని లెక్క.

పిల్లోడు వచ్చినాడు. చుట్టూ తిరిగి
బూడిద మచ్చలు ఎంచినాడు, పదకొండు.
"ఇవేందన్నా?"
"బండిలో బాగుండే చోట్లు అవే" అన్నాను.
వాడు నవ్వలేదు.
ఇంట్లో అడిగి ఫోన్ చేస్తానన్నాడు.

క్రిస్టియన్‌పేట చెక్‌పోస్టులో టార్చి వేసి
"ఏమప్పా, బండికి బొల్లి వచ్చిందా?" అంటాడు పోలీసాయన
వచ్చీరాని తెలుగులో, ప్రతిసారీ కొత్తగా.
నేనూ ప్రతిసారీ నవ్వుతాను.

నిన్న గుడిపాల దగ్గర వాన పట్టుకునింది.
వైపర్లు ఆగలేదు, ముందు రోడ్డు కనపడలేదు.
అద్దంలో చూస్తే
గంగాధరనెల్లూరు ఆమె చెప్పులు విడిచి
రిపోర్టుల సంచిని ఒళ్ళోనుంచి తీసి
కాళ్ళ కాడ, కిందనే పెట్టుకోనింది.
చెక్‌పోస్టు దాటినాక చెయ్యి వెనక్కి చాపి తడిమినాను.
పొడిగా ఉండాది.